43 పళ్ళ చక్రం కోసం

నూజివీడు పేరు వినగానే ఎవరికైనా మామిడిపండు గుర్తుకువస్తుంది. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి ఏటా వేసవిలో ఈ నేల నుంచి లారీలకు లారీలు బయలుదేరుతాయి. అయితే కోసిన కాయ చెట్టు మొదలు నుంచి లారీ ఆగే రోడ్డు దాకా ఎలా చేరుతుందన్నది తినేవారెవరూ అడగరు. అడగవలసిన అవసరమూ లేదు. మా తోటలో మాత్రం ఆ ప్రశ్నకు 40 ఏళ్లుగా ఒకే సమాధానం ఉంది. అది అబ్బాజాన్ జీపు.

1972లో తయారైన బండి అది. ఒక ప్రభుత్వ శాఖ పాత బండ్లను వేలం వేసినప్పుడు 1984లో అబ్బాజాన్ పాడుకున్నారు. పైనున్న గుడ్డ కప్పు ఎప్పుడో చిరిగిపోయింది. వెనుక ఎదురెదురుగా ఉండే బల్లలు తీయించి, తుమ్మచెక్క పలకలు పరిపించారు. వెనుక ఒక కొక్కెం, దానికి రెండు చక్రాల చిన్న ట్రైలరు. కాయల పెట్టెలు, ఎరువు బస్తాలు, బోరు మోటారు, డీజిలు పీపా, కోతకు వచ్చే కూలీలు అన్నీ, అందరూ దాని మీదనే ప్రయాణం. ట్రాక్టరు తల వంచలేని కొమ్మల కింద ఇది దూరుతుంది. తొలకరికి ఎర్రమట్టి జిగురుగా మారి మామూలు బండ్లు దిగబడినప్పుడు, ముందు చక్రాలకు కూడా గేరు తగిలిస్తే బురదను చీల్చుకుని బయటకు వస్తుంది. ఒకసారి అర్ధరాత్రి నొప్పులు పడుతున్న మా కాపలాదారు భార్యను నూజివీడు ఆసుపత్రికి చేర్చింది కూడా ఇదే. ఆ రాత్రి పుట్టిన పిల్లవాడు ఇప్పుడు మా తోటలోనే కాయలు కోస్తున్నాడు.

మొన్న ఫిబ్రవరిలో పశువుల ఎరువు నింపిన ట్రైలరును లాగుతూ వాగు గట్టు ఎక్కుతుండగా బండి వెనుక నుంచి కొబ్బరికాయ పగిలినట్టు ఒక శబ్దం వచ్చింది. ఇంజను తిరుగుతోంది, గేరు పడుతోంది, చక్రం మాత్రం కదలడం లేదు. మిస్త్రీని పిలిపించాము. ఆయన వెనుక ఇరుసు మధ్యనున్న గుండ్రటి మూతను విప్పగానే కొద్దిపాటి నల్లటి నూనె కారింది. అరచేతిలో పట్టి చూస్తే అందులో ఇనుప రజను తళతళలాడుతోంది.

"నూనె ఎప్పుడు పోశారు?" అని అడిగారు మిస్త్రీ.

మేమూ తమ్ముడూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. మోకాళ్ల నొప్పులతో అబ్బాజాన్ మంచానికి పరిమితమై రెండేళ్లు దాటింది. అంతకుముందు ప్రతి శుక్రవారం ఉదయం ఆయన బండి కిందకు దూరి, మూడుచోట్ల మరలు విప్పి, వేలు పెట్టి నూనె మట్టం చూసేవారు. ఆ శుక్రవారాలు ఆగిపోయిన సంగతి మాకు అప్పుడుగానీ తట్టలేదు. బండి ముసలిదై విరిగిందని ఊరందరికీ చెప్పుకోవచ్చు. కానీ ఆ రెండేళ్లూ ముసలితనం మీద నెట్టదగినవి కావు.

యంత్రాల పరిచయం లేని పాఠకుల కోసం ఒక మాట. ఇంజను తిప్పే పొడవాటి షాఫ్టు బండి మధ్యలో నిలువుగా వస్తుంది. చక్రాలను తిప్పే ఇరుసులు అడ్డంగా ఉంటాయి. నిలువుగా వచ్చిన తిప్పుడును అడ్డంగా మళ్లించే పని రెండు పళ్ళ చక్రాలది. పెద్దదాన్ని క్రౌన్ అంటారు, జానెడు వెడల్పు ఉంటుంది. చిన్నదాన్ని పినియన్ అంటారు, పిడికిట్లో పడుతుంది. మా బండిలో పినియన్ పళ్ళు రెండు మొదలంటా విరిగాయి. క్రౌన్ పళ్ళు నాలుగైదు అంచులు రాలిపోయాయి. బాగుచేయడానికి వీలులేని భాగమది, మార్చవలసిందే.

ఇంట్లో చర్చ మొదలైంది. తమ్ముడి వాదన సబబుగానే ఉంది. 15 ఏళ్లు దాటిన బండికి ఐదేళ్లకొకసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో దాని రుసుము 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. విడిభాగాలు దొరకవు, బాగుచేసేవారూ తగ్గిపోతున్నారు. పాత ఇనుము కొనేవాడు కాటా లెక్కన 30 వేలు ఇస్తానంటున్నాడు. ఆ డబ్బు కట్టి మిగిలినది వాయిదాల మీద ఒక చిన్న కొత్త ట్రక్కు తెచ్చుకుంటే కోతలకు చేతికి వస్తుంది. అబ్బాజాన్ అంతా విన్నారు.

"వాయిదా అంటే వడ్డీ కాదా? నలభై ఏళ్లు ఈ తోటలోకి దాన్ని రానివ్వలేదు. నేను మంచం దిగలేనని ఇప్పుడు పిలుస్తారా?" అన్నారు. కాసేపాగి, "ముందు వెతకండి. దొరక్కపోతే అప్పుడు మాట్లాడదాం. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, దొంగ సొత్తు మాత్రం తేకండి" అన్నారు.

కోతలకు రెండు నెలల గడువుంది. విరిగిన ముక్కలను గోనెసంచిలో వేసుకుని బయలుదేరాము.

ప్రయాణం చెప్పేముందు ఈ బండి వంశం గురించి కొంత చెప్పాలి. జీపు పుట్టింది 1941లో, అమెరికాలో, యుద్ధం కోసం. యుద్ధకాలంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. 1945లో యుద్ధం ముగుస్తూనే విల్లీస్ కంపెనీ వాటినే కొద్దిగా మార్చి అక్కడి రైతులకూ పశువుల క్షేత్రాలవారికీ అమ్మడం మొదలుపెట్టింది. నాగలి లాగడానికి, రంపం తిప్పడానికి కూడా పనికివచ్చేటట్టు వాటిని అమర్చారు. సరిగ్గా అదే ఏడాది అక్టోబరు 2న మనదేశంలో లూధియానాలో ఒక ఉక్కు వ్యాపార సంస్థ ప్రారంభమైంది. దాని పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. మహీంద్రా సోదరులిద్దరితోపాటు మూడవ భాగస్వామి మాలిక్ గులాం మొహమ్మద్. అంతకుముందు ఆయన హైదరాబాదులో నిజాం ప్రభుత్వపు ఆర్థిక వ్యవహారాలు చూశారు. దేశ విభజన తర్వాత ఆయన పాకిస్తాన్ వెళ్లి అక్కడి మొదటి ఆర్థికమంత్రి అయ్యారు, తర్వాత గవర్నర్ జనరల్ కూడా అయ్యారు. 1948లో సంస్థ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. పేరులోంచి ఒక భాగస్వామి వెళ్లిపోయినా ఆ సంస్థ విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది. తర్వాత భాగాలన్నీ ఇక్కడే తయారయ్యాయి. మా బండి నమూనా అమెరికాలో 1953లో వచ్చి 1968లో ఆగిపోయింది. మనదేశంలో అదే బండి రూపం, ఇంజను, పేరు మార్చుకుంటూ దశాబ్దాలపాటు సాగింది. మా కష్టమంతా ఆ మార్పుల్లోనే ఉంది. పైకి అన్నీ జీపులే. లోపల ఒకదాని భాగం మరొకదానికి సరిపోదు.

హనుమాన్ జంక్షన్ మీదుగా, గన్నవరం దాటి, రామవరప్పాడు రింగు దగ్గర దిగి ఆటోలో విజయవాడ ఆటోనగర్ చేరుకున్నాము. 1966లో ఏర్పడిన ఈ జవహర్ ఆటోనగర్ ఆసియాలోనే పెద్దదని ఇక్కడివారు గర్వంగా చెప్పుకుంటారు. కొలిచి చూసే తీరిక మాకు లేదు గానీ, ఒక లారీ ఇనుప చట్రంగా ఈ చివర లోపలికి వస్తే ఆ చివర రంగులు, అద్దాలు, దిష్టిబొమ్మతో సహా పెళ్లికొడుకై బయటకు వెళుతుందన్నది మాత్రం కళ్లారా చూశాము. ఒక వీధిలో చెక్క కోసే రంపపు మోత. ఇంకో వీధిలో కమాను పట్టీలను కొలిమిలో కాల్చి సమ్మెటతో వంచుతున్నారు. మరోచోట రేడియేటర్లకు అతుకులు వేస్తున్నారు. లేతు యంత్రాల ముందు ఇనుప చుట్టలు తలవెంట్రుకల్లా రాలిపడుతున్నాయి. గాలిలో వెల్డింగు పొగ, పెయింటు వాసన, మరుగుతున్న టీ. నల్లబడిన చేతులతోనే గాజు గ్లాసు పట్టుకుని తాగుతున్నారు అందరూ. మేమూ తాగాము. ఆటోనగర్ టీలో చక్కెర ఎక్కువ, ఆ పని చేసేవారికి కావలసిందే.

మొదట అద్దాల తలుపులున్న కొత్త దుకాణాలకు వెళ్లాము. కౌంటరు వెనుక కుర్రవాడు కంప్యూటరు మీద చేతులు పెట్టి, "థారా, బొలెరోనా?" అని అడిగాడు. 1972 అని చెబితే నవ్వి, తన పుట్టిన సంవత్సరానికి అది ఎంత దూరమో లెక్కపెట్టుకున్నట్టు కనిపించాడు. ఎంత వెతికినా ఆ తెర మీద మా బండి ఊసే లేదు. నాలుగు దుకాణాల్లో ఇదే తంతు. ఐదవ దుకాణంలో మాత్రం ఒకాయన సంచిలోని ముక్కలను ఓరచూపు చూసి, లోపలికి వెళ్లి ఒక అట్టపెట్టె తెచ్చాడు. "జీపుదే. ఇదొక్కటే మిగిలింది" అన్నాడు. ఆరువేల ఐదువందలు. చక్రం వెడల్పు అంతే ఉంది, రంధ్రాలు సరిపోయాయి. అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకుని, డబ్బు చెల్లించి, సాయంత్రానికి ఇల్లు చేరాము.

మిస్త్రీ చేసిన మొదటి పని బిగించడం కాదు. సుద్దముక్కతో ఒక పన్ను మీద గీత గీసి, ఒక్కొక్క పన్నే వేలితో తాకుతూ లెక్కపెట్టారు. 39. పాతదాన్ని లెక్కపెట్టారు. 43. పినియన్లు రెండింటికీ ఎనిమిదేసి పళ్ళే.

"నాలుగు పళ్ళేగదా!" అన్నాడు తమ్ముడు.

నాలుగు పళ్ళ కథ ఇది. 43ను 8తో భాగిస్తే 5.375 వస్తుంది. అంటే షాఫ్టు ఐదు చుట్లకు కొంచెం ఎక్కువ తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. 39ను భాగిస్తే 4.875. అది యుద్ధకాలపు జీపుల లెక్క. మామూలు బండి అయితే వెనుక ఏ సెట్టు వేసినా వేగంలో తేడా తప్ప నష్టముండదు. కానీ మా జీపు ముందు చక్రాలకూ గేరు ఉంది. ముందు ఇరుసులో 43, వెనుక ఇరుసులో 39 ఉంటే, రెండింటికీ గేరు తగిలించిన క్షణం ముందు చక్రాలు ఒక వేగంతో, వెనుకవి మరో వేగంతో తిరగాలని పట్టుబడతాయి. మెత్తటి మట్టిలో చక్రం జారి కొంత సర్దుకుంటుంది. గట్టి నేల మీద ఏదో ఒకటి విరుగుతుంది. ఒక గూటిలో రెండు మాటలు పొసగవు.

మర్నాడు వెనక్కి తీసుకువెళితే ఆ దుకాణదారు పెట్టె విప్పిన సరుకు తిరిగి తీసుకోనన్నాడు. పళ్ళు లెక్కపెట్టుకోవలసింది మేమే అన్నాడు. మాట కటువుగా ఉన్నా, సగం నిజమే. మిగిలిన సగం ఆయన లెక్కలోకి వస్తుంది, మేమేమీ అనలేదు. లేతు పనివారిని అడిగాము, కొత్తది కోసి ఇవ్వగలరా అని. తిన్నని పళ్ళ చక్రమైతే సాయంత్రానికి చేసిస్తామన్నారు. ఇది వంపు తిరిగిన పళ్ళది, దీనికి ప్రత్యేకమైన గ్లీసన్ యంత్రం కావాలి, ఒక్క జత కోసం ఆ యంత్రాన్ని ఎవరూ సిద్ధం చేయరు అన్నారు. "ముందు గేరు పీకి పారేయండి, వెనుకదాంతో నడుపుకోండి" అని ఒకరు ఉచిత సలహా ఇచ్చారు. వాగు గట్టు ఆయన చూడలేదు.

కాళ్లీడ్చుకుంటూ తిరిగి వస్తుంటే పాత ఇనుప సామాను వీధిలో ఒక పెద్దాయన పిలిచారు. సంచి బరువు చూసి కాటాకు తెచ్చామనుకున్నారట. రేకుల పందిరి కింద పీట మీద కూర్చుని ఉన్నారు. చుట్టూ గేరుపెట్టెలు, ఇరుసులు, పనికిరాని స్టీరింగు చక్రాలు. వెనుకనున్న గోడ నిండా సుద్దతో, బొగ్గుతో రాతలు. ఊరి పేరు, పక్కన ఏదో అంకె, కింద ఫోను నంబరు. కొన్నిటి మీద అడ్డగీతలు. సంచిలోని క్రౌన్‌ను ఆయన చేతిలోకి తీసుకుని, ఒక్క పన్నూ లెక్కపెట్టకుండానే, "నలభై మూడు" అన్నారు.

మాకు ప్రాణం లేచివచ్చింది. ఆయన లోపలికి వెళ్లి, చాలాసేపటికి ఒక క్రౌన్, ఒక పినియన్ పట్టుకొచ్చి కిరసనాయిలుతో తుడిచారు. మేము లెక్కపెట్టాము. సరిగ్గా 43, 8. జేబులో చెయ్యి పెట్టబోతుంటే ఆయన తల అడ్డంగా ఊపారు.

"సాయిబు గారూ, ఇది మీకు పనికిరాదు. ఈ క్రౌన్ అంచున సన్నటి అంకె కనపడుతోందా? పినియన్ నెత్తి మీద కూడా ఒక అంకె ఉంటుంది. రెండూ ఒకటే అవ్వాలి. ఇవి వేరువేరు. దీని జత ఎక్కడో పోయింది."

కర్మాగారంలో ఈ రెండు చక్రాలనూ ఒరిపిడి ముద్ద పూసి, ఒకదానితో ఒకటి కలిపి తిప్పి, ఒకదాని పళ్ళకు మరొకటి అలవాటుపడేట్టు అరగదీస్తారట. అలా జతకూడిన వాటికి ఒకే అంకె చెక్కుతారు. ఆ తర్వాత జత మార్చితే పళ్ళు తాకవలసిన చోట తాకవు. కొన్నాళ్లు అరుస్తాయి, తర్వాత విరుగుతాయి. ఆ సంగతి మాకు తెలియదు. ఆయన చెప్పకపోతే కొనేవాళ్లమే. ఆ రోజు ఆయనకు అంతవరకు బోణీ కూడా కాలేదని పక్క దుకాణపు కుర్రవాడు తర్వాత చెప్పాడు.

"మద్రాసు వెళ్లండి. పుదుప్పేటలో పాత ఇరుసులు విప్పకుండా అలాగే ఉంచుతారు. విప్పినది కొనకండి" అని, లెక్కపెట్టే ఉపాయం ఒకటి నేర్పారు. దాని సంగతి ముందు వస్తుంది. మా ఊరి పేరు, పక్కన 43 అని గోడ మీద రాసుకున్నారు.

పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో తెల్లవారుతూనే కృష్ణ దాటాము. పాత లుంగీలో చుట్టిన నాలుగు కిలోల ఇనుము ఒళ్లో పెట్టుకున్న మమ్మల్ని ఎదుటి సీటువారు అనుమానంగా చూస్తూ వచ్చారు. చీరాల దగ్గర విప్పి చూపించాక ఒంగోలు దాకా అందరూ తమ తమ ఇళ్లలో పనికిరాక పడి ఉన్న వస్తువుల గురించి చెప్పుకున్నారు. కుట్టుమిషను, గ్రామఫోను, తాతగారి గడియారం. అందరి ఇళ్లలోనూ ఏదో ఒక చిన్న భాగం కోసం ఏదో ఒకటి ఆగిపోయి ఉంది. నెల్లూరులో పెన్న మీదుగా వెళ్లేటప్పుడు ఇసుకే ఎక్కువ, నీరు తక్కువ.

మధ్యాహ్నం చెన్నైలో దిగి, అన్నాసాలై పక్కనున్న జనరల్ పాటర్స్ రోడ్డుకు వెళ్లాము. ఆ వీధంతా మోటారు విడిభాగాల దుకాణాలే. ఒక వయసు మళ్లిన వ్యాపారి, అంచులు గోధుమరంగుకు తిరిగిన ఒక లావుపాటి పుస్తకం తీసి, మా బండి నమూనా పేజీ వెతికి, భాగం సంఖ్య చూపించాడు. పుస్తకంలో ఉంది, అరలో లేదు. ఇరవై ఏళ్ల కిందట ఆఖరిది అమ్మానని, ఇప్పుడు అడిగేవారు నెలకొకరైనా రారని, వచ్చినవారు ఎక్కువగా నగరాల్లో పాత జీపులను మెరుగుపెట్టి ఆదివారాలు తిప్పుకునేవారని చెప్పాడు. వాళ్లు ధర అడగరట. అందువల్ల ఉన్న కొద్ది సరుకూ అటే వెళుతోంది. వినోదానికి కొనేవారితో పనికోసం కొనేవాడు పోటీపడలేడు. ఆ మాట ఆ రాత్రి నిద్రపట్టనివ్వలేదు.

బస తిరువల్లిక్కేణిలో. అక్కడికి దగ్గర్లోనే వాలాజా పెద్దమసీదు. 1795లో ఆర్కాటు నవాబు వాలాజా కుటుంబం కట్టించినది. బూడిదరంగు రాతి గోడలు, ముందు విశాలమైన ఆవరణ, రెండువైపులా నిలబడిన మినార్లు. వాహనాల రొద ఆ ఆవరణలోకి వచ్చేసరికి సగమవుతుంది. ఫజర్ నమాజు అక్కడే చేసుకుని పుదుప్పేటకు నడిచాము.

ఎగ్మూరుకు ఆనుకుని, కూవం ఒడ్డున ఉంటుంది పుదుప్పేట. వీధులు ఇరుకు. ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు ఏదో ఒక బండి తలుపు మీద ఆనుకుని దారి ఇవ్వాలి. ఒక దుకాణం నిండా దీపాలే, ఒకదాంట్లో సీట్లే, ఇంకోదాంట్లో ఇంజన్లు గుట్టగా పోసి ఉన్నాయి. ప్రతివాడికీ తన గుట్టలో ఏది ఎక్కడుందో కంఠస్థమే. తమిళం మాకు రాదు. తెలుగు కొందరికి, ఉర్దూ చాలామందికి వచ్చు. తొమ్మిది దుకాణాలు తిరిగాము. పదవ చోట ఇరుసులు గోడకు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. యజమాని మా అబ్బాజాన్ వయసువాడు. సలాం చెప్పి సంచి విప్పాము. ఆయన వరుసలోంచి మూడు ఇరుసులు బయటకు లాగించి, "వీటిలో ఏది మీదో మీరే చెప్పండి" అన్నాడు. పరీక్షో, పరాచికమో తెలియలేదు.

ఆటోనగర్ పెద్దాయన నేర్పిన ఉపాయం ఇప్పుడు పనికివచ్చింది. మూత విప్పనక్కరలేదు. ఇరుసు ఒక చివర చక్రం బిగించే పళ్ళాన్ని కదలకుండా తమ్ముడు పట్టుకోవాలి. రెండవ చివరను సరిగ్గా రెండు చుట్లు తిప్పాలి. మధ్యలో షాఫ్టు తగిలే చోట సుద్దగీత గీసి అది ఎన్ని చుట్లు తిరిగిందో చూడాలి. గీత ఐదవ చుట్టు పూర్తిచేయకుండా కొంచెం ముందే ఆగితే అది 39. ఐదు దాటి మూడోవంతుకు పైగా ముందుకు పోతే 43. మొదటి ఇరుసు ఐదుకు ముందే ఆగింది. రెండవది నాలుగు దాటి కాస్త దూరంలోనే ఆగిపోయింది, అదేదో వేరే బండిది. మూడవదాన్ని తిప్పుతుంటే చేతులు వణికాయి. గీత ఐదవసారి పైకి వచ్చింది, దాటింది, ఇంకా దాటింది.

ముసలాయన అప్పుడు మూత విప్పించాడు. లోపల నూనె తేనెరంగులో ఉంది. క్రౌన్ అంచున, పినియన్ నెత్తిన ఒకటే అంకె. పళ్ళ మీద అరుగుదల మధ్యలో, సమంగా ఉంది.

అబ్బాజాన్ పెట్టిన షరతు గుర్తుకువచ్చింది. పాత సామాను బజారు ఏ ఊళ్లో ఉన్నా దాని మీద ఒక అనుమానం ఉండనే ఉంటుంది. ఆయన వయసుకు ఆ ప్రశ్న ఎలా వేయాలో తెలియక, "ఈ బండి ఎక్కడిది, చాచా?" అని మాత్రం అన్నాము. ఆయన కోపగించుకోలేదు. సొరుగులోంచి ఒక ప్లాస్టిక్ సంచి తీసి, ప్రభుత్వ వేలంలో బండి కొన్న రసీదు చూపించాడు. "ఇది అడిగి కొనేవాడు నెలకొక్కడు కూడా రాడు" అని మళ్లీ జాగ్రత్తగా మడిచి పెట్టుకున్నాడు.

పదకొండు వేలు అన్నాడు. ఎనిమిది అన్నాము. బండి తోట పనికా, షోకుకా అని అడిగాడు. తోట పనికే అని మామిడి సంగతంతా చెప్పాము. శ్రద్ధగా విన్నాడు, కానీ ధర ఒక్క రూపాయి తగ్గించలేదు. పినియన్ వెనుక ఉండే సన్నటి షిమ్ములను మాత్రం విడిగా ఒక కాగితంలో చుట్టి, వాటి వరుస మారకూడదని మూడుసార్లు చెప్పి ఇచ్చాడు. రెండు కొత్త నూనె సీళ్లు కూడా అడగకుండానే వేశాడు.

బిగించడానికి మిస్త్రీకి రెండు రోజులు పట్టింది. పళ్ళ మధ్య ఉండవలసిన సందు రెండు మూడు వెంట్రుకల మందం. అంతకన్నా తగ్గితే వేడెక్కుతుంది, పెరిగితే కొట్టుకుంటుంది. పళ్ళకు ఎర్రరంగు పూసి, తిప్పి, రంగు ఎక్కడ చెరిగిందో చూసి, మళ్లీ విప్పి, కాగితమంత పలచని ఒక షిమ్ము తీసి, మళ్లీ బిగించారు. ఏడుసార్లు. చివరిసారి రంగు పంటి నడుమ బాదంగింజ ఆకారంలో చెరిగింది. ఆయన ఏమీ అనకుండా బీడీ వెలిగించుకున్నారు.

ఏప్రిల్ మూడవ వారంలో మొదటి కోత కాయలు జీపు మీదనే రోడ్డుకు చేరాయి. వాగు గట్టు దగ్గర ముందు గేరు కూడా తగిలించి చూశాము. ఎక్కింది. శుక్రవారాలు ఉదయం ఇప్పుడు అబ్బాజాన్ కుర్చీ వేయించుకుని బండి పక్కన కూర్చుంటారు. తమ్ముడు కిందకు దూరతాడు. మూడు మరలూ విప్పి, నూనె తగిలిన వేలు బయటకు చాపి ఆయనకు చూపించేదాకా ఆయన కుర్చీ కదలదు.

కోతలు ముగిశాక ఒక బుట్ట చిన్నరసాలు తీసుకుని ఆటోనగర్ పెద్దాయన దగ్గరకు వెళ్లాము. పండ్లు పుచ్చుకుని, పుదుప్పేటలో ఏ దుకాణం, ఎంత ఇచ్చారు, అంకెలు కలిశాయా అని అన్నీ అడిగారు. తర్వాత లేచి గోడ దగ్గరకు వెళ్లి, మా ఊరి పేరు పక్కనున్న 43 మీద అడ్డగీత గీశారు.

"మీరు మొదట కొన్న ఆ ముప్పై తొమ్మిదిది ఉందా, పారేశారా?" అని అడిగారు.

ఉందన్నాము. గోడ మీద ఇంకో మూల వేలు పెట్టి వెతికారు. తిరువూరు వైపు ఒకరికి 39 కావాలట, రెండేళ్ల కిందటి రాత. సుద్దముక్క తీసి దాని కింద మా ఫోను నంబరు రాసుకున్నారు.